పది రోజుల అవతలి తుపాను

మా ఆయన అన్న మారెప్ప బావ కదిరి నెట్ సెంటర్‌లో రంగుల పటం ఒకటి ప్రింటు తీయించుకుని వచ్చాడు. సముద్రంలో ఒక ఎర్ర చుట్ట, పక్కన తేదీ. ఆ తేదీకి ఇంకా పది రోజులుంది. తుపాను మన మీదికే వస్తోందని, ఆయన నాలుగెకరాలూ మా నాలుగెకరాలూ వేరుశనగ రేపే పెరికేయాలని గడపలో నిలబడి చెప్పాడు.

నేను చేనికి పోయి రెండు చెట్లు పెరికి తెచ్చి, కాయలు చిదిమి చూపించాను. తొక్క లోపలివైపు ఇంకా తెల్లగానే ఉంది. ముదిరితే నల్లబడుతుంది. అందుకు పన్నెండు రోజులైనా పడుతుంది. నాలుగు రోజుల కిందట ఆయనే తెచ్చిన పటంలో ఇదే తుపాను మద్రాసు దగ్గరుంది. ఇప్పుడు నెల్లూరుకు జరిగింది. రెండు మూడు రోజుల ముందు చెప్పేది నమ్మవచ్చు గానీ పది రోజుల ముందు చెప్పేదానికి లేత పంట పీకడమేమిటన్నాను.

“డిగ్రీ చదివితివని గాలికి గూడా పాఠం చెప్తావా సరళా?”

“గాలికి కాదు బావా, ఆ కాగితానికి.”

మా ఆయన తిప్పేష్ నా మాటే విన్నాడు. బావ మరునాడే తన చేను పెరికించాడు. సగానికి సగం పప్పు లేని కాయలే వచ్చాయి. తుపాను ఒరిస్సా వైపు పోయింది. ఆ వార్త ఉన్న పేపరును తోడికోడలి చేత బావకు పంపించాను. ఆ పని చేయకుండా ఉండవలసింది.

మాకు ఒక్క చినుకూ పడలేదు. తుపాను రాదన్నదాన్ని, అది రాకపోతే నేలకు తడి ఎక్కడిదని ఆలోచించలేదు. పన్నెండో రోజుకు ఎర్రనేల బండబారింది. పెరికితే చెట్టు చేతికొచ్చింది, కాయలు మట్టిలోనే ఉండిపోయాయి. ఎద్దులతో గుంటక తోలి నేల పెళ్లగిస్తేనే అవి పైకొస్తాయని కూలికొచ్చిన తిప్పమ్మ చెప్పింది. ఎద్దులున్నది బావకే.

తిప్పేష్ గట్టు దాటి పోయి అడిగాడు. బావ నా వైపే చూస్తూ, నాకు వినపడేలా జవాబిచ్చాడు.

“మీ ఇంట్లో చెప్పేవాళ్లు ఉండారు గదప్పా. నా ఎద్దులు ఏ దినానికొస్తాయో ఆయమ్మనే అడుగు.”

తిప్పేష్ తల దించుకుని వచ్చాడు. పార తెచ్చాడు. అతను తవ్వుతుంటే నేనూ తిప్పమ్మా మట్టిలో వేళ్లు పెట్టి కాయలు ఏరాం. రెండు సాళ్లు అయ్యేసరికి పొద్దు వాలింది. గట్టు అవతల వేపచెట్టు కింద బావ ఎద్దులు పడుకుని నెమరు వేస్తున్నాయి.