హేతల్‌బెన్ శాంపిల్ ఇవ్వలేదు

లింగవ్వ కడుపులో ఒక మాట ఉంది. ఆర్నెల్లుగా ఉంది. దాన్ని చెప్పుకోవడానికి సూరత్‌లోని భేస్తాన్ మొత్తంలో ఒక్క మనిషి దొరకలేదు.

మనుషులకు కరువై కాదు. ఆ గల్లీలో నలభై గదులు, నలభైలోనూ తెలంగాణలోని ఒకే మండలం వాళ్లు, ఒకరికొకరు ఏదో ఒక వరస. కుళాయి దగ్గర అన్న మాట చాయ్ పొంగేలోపు మూడో అంతస్తు ఎక్కుతుంది. అక్కడి నుంచి మగ్గాల కార్ఖానాకు పోతుంది. ఆ మోతలో ఎవరూ మెల్లగా మాట్లాడరు గనుక, లింగవ్వ మొగుడు సాంబయ్య చెవిలో పడేసరికి అది అరుపై పడుతుంది.

దసరాకు సూరత్ విడిచి ఊరికి పోదామని, ఇక అక్కడే ఉండిపోదామని సాంబయ్య తేల్చేశాడు. ఊళ్లో రెండు గదులు కట్టించాడు. స్లాబు కూడా పడింది. లింగవ్వకేమో పోవాలని లేదు. ఇరవై ఆరేళ్లు ఈ మోతలోనే గడిపింది, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసింది. ఊళ్లో ఆ నిశ్శబ్దంలో ఆమెకు నిద్ర కూడా పట్టదు. కానీ సొంత ఇంటికి పోనంటే లోకం ఊరుకుంటుందా? అందుకని నోరు కుట్టేసుకుంది.

సరిగ్గా అప్పుడే గల్లీలోకి పద్మారాణి వచ్చింది. రైల్వేలో పనిచేసే తెలుగాయన కూతురు, పుట్టి పెరిగింది సూరత్‌లోనే. మనసులో బాధ చెప్పుకోవడానికి జనం కౌన్సిలర్‌ను ఎలా ఎంచుకుంటారన్నది ఆమె పరిశోధన. ఇద్దరు కౌన్సిలర్ల ఫోటోలు, ఫోన్ నంబర్లు ఉన్న కాగితాలు ఇంటింటికీ పంచింది.

"ఇద్దర్నీ కలవండి ఆంటీ. నచ్చినవాళ్లను ఎంచుకుంటే ఆరుసార్లు ఫ్రీగా మాట్లాడొచ్చు. ఎందుకు నచ్చారో నాకు చెప్పాలి, బస్, అంతే."

"మేం చెప్పింది వాళ్లు ఇంకెవరికన్న చెప్తరా బిడ్డా?"

"ఎవరికీ చెప్పరు. అదే వాళ్ల రూల్."

లింగవ్వకు ప్రాణం లేచివచ్చింది. కానీ ఒంటరిగా పోవడం కుదరలేదు. పక్క గది భాగీరథి చెప్పులు తొడుక్కుని అప్పటికే గడప ముందు నిలబడి ఉంది.

"నీకేం తెల్వదక్కా. మాల్ చూడకుంట ఎవరన్న తీస్కుంటరా? ముందుగాల శాంపిల్ అడగాలె."

ఇద్దరూ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తారు. ఏజెంటు కొత్త డిజైను తెచ్చినప్పుడల్లా మూరెడు అతికించి శాంపిల్ చూపించాలి. అతను దాన్ని గోటితో గీకి, వెలుతురుకు ఎత్తి చూసి, అప్పుడు గానీ చీరల మూట దించడు. సూరత్‌లో శాంపిల్ లేనిదే దారప్పోగు కదలదు.

"మనసుకు శాంపిల్ ఏందే?" అంది లింగవ్వ.

"ఇంతకుముందు ఎవరి మనసో బాగుజేసి ఉంటరు గద. గదే చూపియ్యమందాం."

ముందుగా పద్మారాణితో కలిసి, పర్వత్ పాటియాలో ఉండే మొదటి కౌన్సిలర్ హేతల్‌బెన్ దగ్గరికి పోయారు. బట్టల మార్కెట్ వెనుక మెట్లెక్కి పోతే చిన్న గది. నలభై ఏళ్ల గుజరాతీ మనిషి, నెమ్మదస్తురాలు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. భాగీరథి గ్లాసు కింద పెట్టకుండానే హిందీలో బేరం మొదలుపెట్టింది.

"మీ దగ్గరికి మొన్న వచ్చినామె ఏం చెప్పుకుంది?"

"అది చెప్పను," అంది హేతల్‌బెన్.

"పేరు వద్దు. బాధ చెప్పండి చాలు."

"బాధ కూడా చెప్పను."

"సగం చెప్పండి."

"సగమూ చెప్పను."

"పోనీ, ఏడ్చిందా లేదా?"

హేతల్‌బెన్ ఆమె గ్లాసులో మళ్లీ నీళ్లు పోసింది.

భాగీరథి లింగవ్వ వైపు వంగింది. "ఈమె కాడికి ఎవ్వరూ రాలేదక్కా. గోదాం ఖాళీ."

మూల కూర్చుని రాసుకుంటున్న పద్మారాణి పెన్ను ఆగిపోయింది. వయసు చూస్తారని, చదువు చూస్తారని, భాష చూస్తారని ఆమె చదివింది. శాంపిల్ చూస్తారని ఏ పుస్తకంలోనూ లేదు. బయటికి వచ్చి తన ప్రొఫెసర్‌కు ఫోన్ చేసింది. కొత్త గడి ఒకటి చేర్చమని ఆయన చెప్పాడు. 'శాంపిల్: ఇచ్చారు, ఇవ్వలేదు' అని పద్మారాణి తన ప్రశ్నల కాగితాలన్నిటి మీదా గడి గీసి రాసుకుంది.

రెండో ఆయన మల్లికార్జునరావు. బ్యాంకులో రిటైరై, కౌన్సిలింగ్‌లో చిన్న కోర్సు చేసిన తెలుగువాడు. ఆటోలో భాగీరథి అదే పనిగా ఆయన్ను మెచ్చుకుంది.

"ఆయన మంచిగ వింటడక్కా."

"నీకెట్ల తెలుసు?"

"ఫోటోల చెవులు చూడలేదా? గంత పెద్దయి."

తీరా ఆయన ముందు కూర్చున్నాక భాగీరథి తల దించేసుకుంది. శాంపిల్ మాట ఎత్తకపోగా, అడగొద్దన్నట్టు లింగవ్వను మోచేత్తో పొడిచింది. అందరికీ ఒకటే రూలు కదా అని లింగవ్వే అడిగింది.

"శాంపిలా? దానికేం భాగ్యం తల్లీ," అన్నాడు మల్లికార్జునరావు. "మొన్ననే ఒకావిడ ఫోన్ చేసింది. పేరు మాత్రం చెప్పను, అది రహస్యం. భేస్తాన్‌లోనే ఉంటుంది. చీరలకు రాళ్లు అతికిస్తుంది. నాలుగో నంబరు గది."

లింగవ్వది ఐదో నంబరు.

"పక్కింటావిడ ఊరికి వెళ్లిపోతుందని ఈవిడ దిగులు. అన్నం సయించడం లేదట. పైకి మాత్రం ఆవిడతో రోజూ కయ్యమే. ఊళ్లో వాళ్ల కొత్త స్లాబు కారితే మైసమ్మకు కోడిని ఇస్తానని మొక్కుకుంది కూడా. చూశారా, ఎంత లోతు నుంచి లాగానో."

ఫ్యాను తిరుగుతోంది. భాగీరథి కొంగు చివర ముడి వేసింది, విప్పింది, మళ్లీ వేసింది.

"మీరేం చెప్పిన్రు ఆమెకు?" అడిగింది లింగవ్వ.

"పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు తాగమన్నాను."

తిరుగు షేర్ ఆటో సగం దారి వచ్చింది.

"కోడినేనా?" అంది చివరికి లింగవ్వ.

"మేకననుకున్న. స్లాబుకు మేక ఎక్కువైతదని..." భాగీరథి మొహం రోడ్డు వైపు తిప్పుకుంది. లింగవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. కడుపులో మాట గొంతు దాకా వచ్చింది. కానీ ముందు సీట్లో డ్రైవరు పక్కన వాళ్ల గల్లీ లింగమూర్తి కూర్చుని ఉన్నాడు. మాట వెనక్కి పోయింది.

లింగవ్వ హేతల్‌బెన్‌ను ఎంచుకుంది. కారణం అన్న చోట 'శాంపిల్ ఇవ్వలేదు' అని రాయించింది. భాగీరథి తన కాగితంలోనూ అదే రాయించింది.

"ఇచ్చినాయన కదా నచ్చాలి?" అంది పద్మారాణి తల పట్టుకుని. ఇద్దరూ జాలిగా ఆమె వైపు చూశారు.

విషయం గల్లీలో పాకింది. లింగవ్వ రెండుసార్లు పోయి వచ్చేసరికి ఆడవాళ్లు గుంపులుగా పర్వత్ పాటియాకు బయలుదేరారు, హేతల్‌బెన్‌ను పరీక్షించడానికి. "లింగవ్వ ఏం చెప్పింది?" అని అడగడం, "చెప్పను" అనిపించుకోవడం, తృప్తిగా పేరు రాయించుకుని రావడం. ఒకామె సర్వపిండి చేసి పట్టుకుపోయింది. హేతల్‌బెన్ తిన్నది, చెప్పలేదు. ఆమె ఏమన్నా మెత్తబడిందేమో చూద్దామని కొందరు రెండోసారి కూడా పోయారు. పదిహేను రోజుల్లో ముప్ఫై ఒక్కమంది. పద్మారాణి కాగితాలు అయిపోయాయి.

ఆఖరికి సాంబయ్య సగం రోజు సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని పోయాడు. లింగవ్వ చీర ముందేసుకుని కూర్చుంది. ఎర్రరాళ్ల చోట పచ్చరాళ్లు అతికించి, మళ్లీ పీకింది.

సాయంత్రం వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"గంట అడిగిన," అన్నాడు, ఎప్పటిలాగే గల్లీకంతా వినబడేలా. "హిందీల అడిగిన, గుజరాతీల అడిగిన. పెండ్లాం నాదే గద, నాకు చెప్పకపోతే ఎట్ల అన్న. ఊహూ. నాలుగు గిలాసల నీళ్లు తాగిపిచ్చింది. గట్టి మనిషి."

ఆ మాటలో గౌరవం ఉంది. ఆ తర్వాత అతను గొంతు తగ్గించాడు. అతనికి ఆ గొంతు ఉందని లింగవ్వకు ఇరవై ఆరేళ్లలో తెలియదు.

"ఏం చెప్పినవే ఆమెకు?"

లింగవ్వ చీర పక్కన పెట్టింది. వేళ్లకు జిగురు ఆరిపోయి బిగుసుకుంది. ఇప్పుడు కాకపోతే దసరా వచ్చేస్తుంది, సామాన్లకు లారీ వచ్చేస్తుంది.

"నేను ఊరికి రానని చెప్పిన."

సాంబయ్య కాళ్ల చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

"దానికి ఆమె ఏమన్నది?"

"ఏమనలే. 'ఇంక?' అన్నది."

సాంబయ్య లేచి లోపలికి వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి, గోడకు ఆనుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంక?" అన్నాడు.