రెండు దిమ్మెలు, నాలుగు బిందెలు

మిరపచేల మధ్య ఆటో దిగగానే షిరీన్ టక్కున ఆగిపోయింది. చుట్టూ నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి ఉంది. నెలన్నర కిందట ఆమె పోయించిన రెండు కాంక్రీటు దిమ్మెల దగ్గర మాత్రం నేల పచ్చిగా మెరుస్తోంది.

ఈ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది, మధ్యలో ఇళ్ళ గోడలు చీలతాయి. చీలనివ్వని పునాది కోసమే గుంటూరు కాలేజీలో మూడేళ్ళుగా ఆమె పరిశోధన. ఒక దిమ్మె మామూలుది, మూడడుగుల లోతు. రెండోది ఆమె ఆలోచన: పన్నెండడుగుల లోతు, కింద కుండలా ఉబ్బిన అడుగు. తొలకరికి ఏది ఎంత లేస్తుందో కొలవాలి. నిరుడు వానలు మొహం చాటేయడంతో పని వాయిదా పడింది. ఈసారీ కొలత దొరక్కపోతే గడువు దాటిపోతుంది, పీహెచ్‌డీ పోయినట్టే.

“బాబాయ్! ఇక్కడ నీళ్ళెవరు పోశారు?”

చేను యజమాని యలమందయ్య నవ్వుతూ వచ్చాడు. “నేనే! కొత్త కాంక్రీటుకు నీళ్ళు పట్టకపోతే పగిలిపోదూ? ఇంత చదివావు, ఆమాత్రం తెలీదా అమ్మాయ్? నువ్వు మర్చిపోయావని నలభై రోజుల్నించీ తడుపుతున్నాం.”

షిరీన్ తల పట్టుకుంది. వాన పడేదాకా ఆ నేల పొడిగా ఉండాలి. ఇంటి శ్లాబుకైనా ఎవరైనా అదే చేస్తారు, ఆయన్ని ఏమనగలదు? చేసేది లేక ఎత్తులు కొలిచే లెవెల్ మిషన్ నిలబెట్టి, బోరు పైపు మీద పెట్టుకున్న గుర్తుతో సరిచూసింది.

మామూలు దిమ్మె పందొమ్మిది మిల్లీమీటర్లు లేచింది.

తనది చూసింది. సున్నా. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. సున్నా!

“లేవలేదు బాబాయ్! నాది లేవలేదు!”

“అయ్యో, బాధపడకమ్మా, బాగుచేద్దాంలే.”

ఆమె నవ్వాపుకోలేక గైడు శివరామకృష్ణగారికి ఫోన్ చేసింది. ఆయన అంతా విని, “బాగుందమ్మా. కానీ ఎన్ని నీళ్ళు పోశారో తెలీకపోతే ఎవరొప్పుకుంటారు?” అన్నారు.

స్పీకర్లో వింటున్న యలమందయ్య భార్య రాజ్యం నడుం మీద చెయ్యేసుకుంది. “ఎందుకు తెలీదూ? ఈయన్ని నమ్మేదెవరు? రా, చూపిస్తా.”

బోరు షెడ్డు గోడ నిండా బొగ్గు గీతలు. “బిందెకో గీత. దిమ్మెకు పొద్దున రెండు, సాయంత్రం రెండు. రెంటికీ సమానంగా. ఈయన ఎగ్గొట్టిన రోజుకి సున్నా చుట్టా.”

“సున్నాలు మూడే కదే!” అన్నాడు యలమందయ్య.

“అయిదు!”

షిరీన్ అయిదూ లెక్కపెట్టింది. గోడంతా ఫొటోలు తీసింది. బిందె కొలిస్తే పదిహేను లీటర్లు. వాన కోసం ఇక ఆకాశం వైపు చూడక్కర్లేదు. ఫోన్లో గైడు, “షిరీన్, రాయడం మొదలుపెట్టు!” అని అరిచారు.

“ఇక మానేయమంటావా?” అడిగాడు యలమందయ్య.

“మానొద్దు బాబాయ్! ఇంకో నెల పోయండి. ఒక్క సున్నా కూడా ఉండకూడదు.”

రాజ్యం మొగుడి వైపు చూసింది. ఆయన బిందె అందుకున్నాడు.