నోటికి గుండీ

టేపు మాస్టారు కంటితోనే కొలత తీసేసే మనిషి. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాడు ఇంకా గుమ్మంలో ఉండగానే వాడి భుజాలెంత, నడుమెంత, ఆ నడుము సంగతి వాడెంత తగ్గించి చెప్పబోతున్నాడు, అన్నీ ఆయనకి తెలిసిపోతాయి. మెడలో టేపు వేలాడుతుందన్న మాటే గానీ దానితో ఆయనకి పెద్ద పనుండదు. అలాంటి మనిషి ఒకరోజు చిట్టిబడి గేటు బయట నిలబడి, కిటికీలోంచి కనబడే అల్మారా వైపు చూసి, తన కూతురి పేరున్న ఫైలు మందం కొలిచాడు. రెండున్నర వేళ్ళుంది. మిగతా పిల్లలవి ఒక్క వేలు కూడా లేవు.

అంతే, అనుమానం పట్టుకుంది.

చిట్టిబడి అంటే అయిదేళ్ళ లోపు పిల్లల బడి. అక్కడ పాఠాలుండవు. ఇసుక, చెక్కముక్కలు, నీళ్ళతొట్టి, ఒక మూల బొమ్మరిల్లు. పిల్లలు ఆడుకుంటుంటే టీచరు, మెడలో దారానికి కట్టుకున్న పెన్సిలుతో, చీటీల మీద రాస్తూ ఉంటుంది. ఏ పిల్ల ఏమందో అన్నది అన్నట్టుగా, ఒక్క మాట మార్చకుండా రాసి, తేదీ వేసి, ఎవరిది వాళ్ళ ఫైల్లో పెడుతుంది. నెలకోసారి ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి అవన్నీ చూపిస్తారట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే, మన మాస్టారు ఒక్కసారి కూడా వెళ్ళి చూసిన పాపాన పోలేదు. భార్య ఉన్నప్పుడు ఆవిడే వెళ్ళేది. ఆవిడ పోయి ఏడాదిన్నరయింది. అప్పటినుంచి పిల్లని గేటు దగ్గర దింపడం, వెనక్కి తిరగడం. లోపలికెళ్తే ఎవరో ఒకరు జాలిగా చూస్తారని ఆయన భయం.

జాలి సంగతి అలా ఉంచితే, అసలు భయం వదిన. చనిపోయిన భార్యకి అక్క, పాపకి పెద్దమ్మ. చెడ్డ మనిషి కాదు గానీ మాటకి బ్రేకుల్లేవు. చెల్లెలు పోయిన రెండో నెల్లోనే వచ్చి కూర్చుంది.

“చూడు మరిదీ, ఒంటి చేత్తో ఆడపిల్లని ఎలా పెంచుతావు? నాకిచ్చెయ్. నా పిల్లల్తో పాటు పెరుగుతుంది. నువ్వు ఆదివారం ఆదివారం వచ్చి చూసుకో.”

“నా కూతుర్ని చూసుకోవడానికి నేను ఆదివారాలు రావాలా?” అని ఆయన గుడ్లురిమాడు.

“ఊరికే అరవకు. నీ వల్ల కాదని నలుగురూ అన్న రోజున నేనే వచ్చి తీసుకెళ్తా” అని చెప్పి ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

ఆ నలుగురూ ఎవరా అని మాస్టారు అప్పటినుంచీ వీధిలో ప్రతి మొహాన్నీ పట్టి పట్టి చూస్తున్నాడు. అలాగని వదినతో తెంచుకోవడానికీ లేదు. బుధవారాలు బట్టల బజారుకి వెళ్ళాలి. ఆ రోజు పిల్లని బడినుంచి తీసుకెళ్ళి సాయంత్రం దాకా ఉంచుకునేది ఆవిడే.

ఇప్పుడా ఫైలు చూశాక నలుగురిలో మొదటి మనిషి దొరికిపోయినట్టే అనిపించింది. టీచరు!

ఆ సాయంత్రమే కూపీ లాగాడు. పాప మిషన్ కింద బోర్లా పడుకుని పీలికలు ఏరుకుంటోంది. కత్తిరించగా పడిన రంగురంగుల ముక్కలు రోజూ ఏరి బొమ్మకి గౌన్లు చుట్టడం దాని ఉద్యోగం.

“టీచరు నువ్వు చెప్పేవన్నీ రాసుకుంటుందా?”

“ఆఁ, అన్నీ!”

“ఏం చెప్పావేంటి?”

“నువ్వు నా జడ గుండీ కాజా కుట్టినట్టు గట్టిగా వేస్తావని చెప్పా. మొన్న గిన్నె మాడ్చేసి అరటిపళ్ళు తిని పడుకున్నామని చెప్పా.”

మాస్టారు చేతిలో కత్తెర పక్కన పెట్టేశాడు. అప్పుడు చేశాడు, దర్జీ తప్ప మరొకడు చెయ్యని తెలివితక్కువ పని. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, “ఇంటి మాటలు బళ్ళో చెప్పకూడదమ్మా. నోటికి గుండీ పెట్టేసుకోవాలి” అన్నాడు. రెండు వేళ్ళతో దాని పెదాల మధ్య కాజా వెతికినట్టు వెతికి, గుండీ దూర్చి, పక్కకి తిప్పి, లాగి చూశాడు. పాపకి భలే నచ్చింది. మర్నాటినుంచి అదొక ఆట. పొద్దున్న గేటు బయట గుండీ పెట్టాలి, సాయంత్రం మళ్ళీ గేటు బయటే నాన్నే తియ్యాలి. తీసీ తియ్యగానే వసపిట్ట మొదలు. ఇల్లు చేరేదాకా ఆగేది కాదు. మాస్టారు తన తెలివికి తనే మురిసిపోయాడు.

కానీ ఫైలు తగ్గలేదు. వారం వారానికీ లావెక్కింది. మూడు వేళ్ళయింది, నాలుగయింది. మధ్యలో పిల్ల సంచిలో మూడు చీటీలొచ్చాయి, ‘ఒకసారి లోపలికి వచ్చి కలవండి’ అని. తీసుకెళ్ళి మిషన్ సొరుగులో పడేశాడు. పిలిపించి, నీ వల్ల కావడం లేదని మొహం మీదే చెప్పి సంతకం పెట్టించుకుంటారని ఆయన నమ్మకం. నోరు విప్పని పిల్ల గురించి అంతంత రాయడానికి ఏముంటుంది? అంటే, ఇంకెవరో చెబుతున్నారన్నమాట.

ఒక బుధవారం బజారు పని తొందరగా తెమిలింది. చిట్టిబడి మీదుగా వస్తుంటే ఆ ఇంకెవరో కళ్ళబడనే పడింది. వరండాలో వదినా టీచరూ తలలు దగ్గరపెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. వదిన కళ్ళు తుడుచుకుంటోంది, టీచరు రాసుకుంటోంది. ఆయన్ని చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు.

“ఏంటి వదినా, సభ పెట్టావు?”

“సభేం లేదు, పాప గురించే. ఒకసారి లోపలికి రారాదూ? టీచరుగారు నీతో...”

“నాకు పనుంది.”

అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకి. దారిపొడుగునా వదినని తిట్టుకున్నాడు, టీచరుని తిట్టుకున్నాడు, బజారుకి బుధవారమే వెళ్ళాలని పెట్టినవాణ్ణి కూడా వదల్లేదు.

మర్నాడు గేటుకి కాగితం అంటించారు. శనివారం ఇంట్లోవాళ్ళంతా వచ్చి తలో చెయ్యీ వెయ్యాలి, బొమ్మరిల్లు తెరలు చిరిగాయి, ఆటబండ్ల చక్రాలు ఊడాయి అని. మాస్టారు కత్తెరా దారాలూ సంచిలో సర్దుకున్నాడు. తెరల మీద ప్రేమతో అనుకునేరు, ఫైలు కోసం.

శనివారం లోపల అడుగుపెట్టగానే, చక్రాలు బిగిస్తున్న బస్సు డ్రైవరు, ఈ బళ్ళోనే ఉన్న కవలల తండ్రి, తలెత్తి చూశాడు. “ఓహో, టేపు మాస్టారే! గేటుకి ఇవతల కూడా మనుషులుంటారని ఇవాళ తెలిసిందా?” అని నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. వీడు కూడా ఆ నలుగురిలో ఉన్నాడేమో ఎవరికి తెలుసు? ఆయా గ్లాసుతో మంచినీళ్ళిస్తే, ఈ మర్యాదంతా ఎందుకా అని ఆ గ్లాసుని కూడా అనుమానంగానే చూశాడు. పాప బొమ్మరింట్లో ఉంది. తండ్రిని చూసి కళ్ళు చికిలించి నవ్వింది గానీ పెదాలు విప్పలేదు. శభాష్ అనుకున్నాడు ఆ మహానుభావుడు.

పిల్లల్ని పెరట్లోకి తీసుకెళ్ళగానే, కుడుతున్న తెర పక్కన పడేసి అల్మారా దగ్గరికి నడిచాడు. ఫైలు తీసి ముడి విప్పాడు.

పైనున్నవి పాతవి. ‘నా జడ చూడు, కాజా జడ. మీ నాన్నకి రాదుగా.’ ‘మేం అన్నం బదులు అరటిపళ్ళు తిన్నాం. మీరెప్పుడైనా తిన్నారా?’ ‘మా నాన్న నన్ను టేపుతో కొలిచాడు. వేలెడు పెరిగాను.’ ఫిర్యాదులనుకున్నవన్నీ గొప్పలు. పిల్ల వాళ్ళ నాన్న గురించి పదిమందిలో గొప్పలు పోయింది.

ఆ తర్వాత చీటీలు మారిపోయాయి.

‘ఈ రోజు మాట్లాడలేదు.’

‘ఈ రోజు కూడా మాట్లాడలేదు. దాహమేస్తే ఆయా చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి తీసుకెళ్ళింది.’

‘జారిపడి మోకాలు గీరుకుంది. రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది.’

‘బొమ్మ నోటి దగ్గర వేళ్ళు పెట్టి ఏదో తిప్పింది. ఏమిటో అర్థం కాలేదు.’

‘పెద్దమ్మని అడిగాం. బుధవారం సాయంత్రం దాకా అక్కడా ఒక్క మాట లేదట. ఆవిడ ఏడ్చారు.’

‘చెవుల డాక్టరుకి చూపించాలేమో. నాన్నగారిని అడగాలి. ఆయన లోపలికి రారు.’

“పాప ఫైలేనా?”

ఉలిక్కిపడి చూస్తే వెనక టీచరు. దొంగలా దొరికిపోయాడు. అయినా నోరు ఊరుకోదుగా. “ఇవన్నీ ఎవరికి చూపిద్దామని రాస్తున్నారు?” అన్నాడు.

“మీకేనండీ. మూడు చీటీలు పంపాను” అంది టీచరు. గొంతులో కోపం లేదు, భయముంది. “ఇంట్లో కూడా మాట్లాడదా?”

“ఇంట్లో ఆపితే ఆగదు.”

“మరి ఇక్కడెందుకు...”

మాస్టారు ఫైలు మూసి పెట్టాడు. టీచరు మెడలో పెన్సిలు వేలాడుతోంది. ఇప్పుడు చెప్పింది కాగితం మీదికెక్కుతుంది, వదిన చేతికి వెళ్తుంది, నలుగురూ అనేది అదే అవుతుంది. తెలిసే చెప్పాడు. “నేనే మూయించానండీ. గుండీ పెట్టాను. పిల్లని నా దగ్గర్నుంచి తీసేసుకుంటారని.”

టీచరు ఏదో అనబోయేలోగా పిల్లలు గోలగోలగా లోపలికొచ్చారు. వాళ్ళ వెనకే, పాప చెయ్యి పట్టుకుని వదిన. ఆవిడ కూడా సాయానికొచ్చిందన్నమాట.

మాస్టారు నేలమీద గొంతుక్కూర్చుని పాప పెదాల దగ్గరికి వేళ్ళు తీసుకెళ్ళాడు. పాప చటుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది. తల అడ్డంగా ఊపింది. వేలు చాపి గేటు చూపించింది. లోపల తియ్యకూడదు కదా, ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. గేటు బయటికి ఎత్తుకెళ్ళి తీస్తే మాత్రం ఏం లాభం? లోపలికి రాగానే మళ్ళీ మూసుకుంటుంది. అంత బుద్ధిమంతురాలైన పిల్లని చూసి ఆయనకి ఏడుపొచ్చింది.

“సరే, నువ్వు చెప్పకు. నేనే చెప్తా” అన్నాడు. గదిలో అందరికీ వినబడేలా మొదలుపెట్టాడు. “మా ఇంట్లో గిన్నెలు మాడతాయి. జడ వంకరగా వస్తుంది. మొన్న గౌను తిరగేసి తొడిగి పంపాను. వాళ్ళమ్మ గుర్తొచ్చిన రోజు నేను పనిలో పడిపోతాను. మిషన్ ముందు కూర్చుని తెగ కుట్టేస్తాను...”

“కాదు!”

డ్రైవరు సుత్తి ఆగిపోయింది. పాప నోటిమీంచి చేతులు తీసేసింది. అబద్ధం వినేసరికి గుండీ సంగతే మర్చిపోయింది.

“నువ్వేం కుట్టవు. మిషన్ ఉత్తినే తొక్కుతావు. పొద్దున్న చూస్తే కింద ఒక్క పీలిక కూడా ఉండదు. నువ్వు ఏడుస్తావు, నాకు వినబడకూడదని తొక్కుతావు.”

మాస్టారికి వదిన వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు. ఆవిడ మాత్రం వచ్చి ఆయన పక్కనే నేలమీద చతికిలబడింది. మెల్లగా, “నేను కుళాయి తిప్పుకుంటాను మరిదీ, పిల్లలకి వినబడకుండా” అంది.

టీచరు పెన్సిలు పట్టుకుంది గానీ రాయలేదు. మెడలో దారం తీసి, ఒక చీటీతో సహా మాస్టారి చేతిలో పెట్టింది.

“మీరే రాయండి. పాప అన్నది అన్నట్టుగా.”

ఆయన ముక్కు తుడుచుకుని, నేలమీద చీటీ పెట్టి, వంగి రాయడం మొదలుపెట్టాడు. పాప ఆయన భుజం మీద గడ్డం ఆనించి, అక్షరాలు రాకపోయినా ప్రతి గీతనీ తనిఖీ చేసింది.

“పెద్దమ్మ కుళాయి కూడా రాయి నాన్నా” అంది.