పిలవకూడని దిగుడు

సైకాల్ ఎడమ స్కీ నల్ల దారి చివర, రాళ్ళ మధ్య తలకిందులుగా దొరికింది.

మెదెర్ దాన్ని భుజాన వేసుకుని మా గస్తీ గుడిసెలోకి వచ్చేసరికి నేను పొయ్యి దగ్గర తడిసిన చేతితొడుగులు పిండుతున్నాను. రాత్రంతా ఎర్ర దారి పక్క అడవిలో వెతికి అప్పుడే దిగాం. అరిచి అరిచి అందరి గొంతులూ పోయాయి. మెదెర్ స్కీని బల్లమీద పెట్టాడు. నాకన్నా చిన్నవాడు, నన్ను ఎజె, అంటే అక్కా, అని పిలుస్తాడు.

"ఉమ్సునై ఎజె, ఇది ఆవిడదేగా?"

ఆవిడదే. స్కీ కొన దగ్గర తను పనిచేసే మందుల దుకాణం బొమ్మ అతికించుకుంది.

సైకాల్ చెల్లెలు బర్చిన్ తెల్లారగానే కరకోల్ ఊరి నుంచి పైకి వచ్చేసింది. ఒళ్ళో ఒక సంచి. అందులో ఉన్ని మేజోళ్ళు, ఇంకా వెచ్చగా ఉన్న బోర్సోకులు, నూనెలో వేగిన పిండిముక్కలు. అక్క దొరకగానే తినిపించాలని ఇంట్లో వేయించి తెచ్చింది. స్కీ చూసి లేచి నిలబడింది.

"నల్ల దారిలోనా? మా అక్క నల్ల దారికి పోదు ఎజె. చచ్చినా పోదు."

నోట్లోంచి వచ్చిన మాట తనకే వినబడి అరచేత్తో నోరు మూసుకుంది.

బర్చిన్ అన్నది నిజం. ఈ కొండమీద గస్తీ తిరిగేవాళ్ళం మేం ఎన్నో రకాల మనుషుల్ని చూస్తాం. కాస్త స్కీ చెయ్యడం వచ్చీ రాగానే స్నేహితుల ముందు గొప్పకోసం అన్నిటికన్నా నిటారైన నల్ల దారిలోకి దూకి, స్ట్రెచర్ మీద దిగేవాళ్ళే ఎక్కువ. సైకాల్ ఆ రకం కాదు. మూడు చలికాలాలుగా వస్తోంది. లిఫ్టు దిగగానే అందరూ జారిపోతుంటే తను మాత్రం పైన దారుల వివరాలు రాసిన పలక ముందు నిలబడేది. ఏ దారి తెరిచారు, ఏది చదును చేశారు, ఏది ఎండకి కరిగి మళ్ళీ గట్టిపడింది, అన్నీ చదివేది. చేతికర్రతో మంచుని పొడిచి చూసేది. గరగరమంటే ఆ రోజుకి తేలికైన నీలం దారి కూడా మానేసేది.

"పరీక్ష రాస్తున్నావా పిల్లా?" అని వెక్కిరించేవాడు మెదెర్. "అక్కడే నిలబడు, నీ వెనకే వసంతం వచ్చేస్తుంది!"

"రానీ. వసంతానికి నా కాళ్ళు రెండూ ఉంటాయి. నీ సంగతి చూసుకో" అనేది.

అలాంటి మనిషి నల్ల దారిలో ఏం చేస్తోంది?

నేను స్కీని వెలుగులోకి తిప్పాను. బూటు బిగించే చోట నలుపూ తెలుపూ కలిపి పేనిన ఉన్ని దారం కట్టి ఉంది. కొసలు రెండూ సమంగా ఉన్నాయి. లాగితే తెగిన దారం అలా ఉండదు, పీచులు లేస్తుంది. దీన్ని కత్తితో కోశారు.



మా వైపు నడక నేర్చే పిల్ల కాళ్ళకి దారం కట్టి కోస్తారు, ఇక పడకుండా నడవాలని. మా కొండమీద గురువులు దాన్నే స్కీలకి తెచ్చారు. నేర్చుకునేవాళ్ళ స్కీకి దారం కడతారు. నీలం దారి పాఠం పూర్తయి, దానికన్నా కష్టమైన ఎర్ర దారికి తగినవాళ్ళని తేలాక గురువే కోస్తాడు. కోసినవాడు ముందు దిగాలి, శిష్యురాలు అతని జాడలోనే వెనక దిగాలి. ఆ మొదటి దిగుడులో వెనకనుంచి పిలవకూడదు. పిలిస్తే దారం మళ్ళీ ముడిపడుతుందంటారు.

మొన్నటిదాకా సైకాల్ దారం కోయలేదు. అంటే నిన్న తను ఒంటరిగా లేదు. తన ముందు ఇంకొకరు ఉన్నారు.

సైకాల్ గురువు తొలోన్ బైకే, మేమంతా పెద్దన్నగా చూసే మనిషి. నాకూ స్కీ నేర్పింది ఆయనే. మెదెర్‌కీ ఆయనే. నిన్న సాయంత్రం సైకాల్ కనబడటం లేదని తెలిసినప్పుడు, "మధ్యాహ్నం టీ తాగాక నేను చూడలేదమ్మా. ఎర్ర దారివైపు వెతకండి" అన్నాడు. మేం వెతికాం. చూడలేదన్న మనిషికి ఎర్ర దారని ఎలా తెలుసని అడగాలని రాత్రంతా నాకు తట్టలేదు.

"మెదెర్, నల్ల దారి కిందనుంచి ఎక్కుతూ వెతికితే?"

"ఎండ వచ్చింది ఎజె. పైనున్న మంచంతా మన నెత్తిన పడుతుంది. ఏ మలుపులో పడిందో తెలిస్తే పైనుంచి తాడు వేసుకుని తిన్నగా దిగొచ్చు. తెలీకపోతే సాయంత్రం దాకా తవ్వుతూనే ఉంటాం."

సాయంత్రం దాకా ఆవిడ ఉండదు. బర్చిన్ మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తోంది.

తొలోన్ బైకే గుడిసె మూలన పెట్టెమీద కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా రాత్రంతా మాతో తిరిగాడు. రెండుసార్లు చెట్టుకి గుద్దుకుంటే ముసలి ప్రాణం, అలసిపోయాడనుకున్నాను. చేతిలో టీ గిన్నె వంగి మోకాలి మీద కారుతోంది. గమనించడం లేదు.

"బైకే, ఆ ఎర్ర తాడు ఇటివ్వండి" అన్నాను, నడుముకి పట్టీ బిగించుకుంటూ.

ఆయన లేచి గోడ తడిమాడు. మేకులకి తాళ్ళు రెండు వేలాడుతున్నాయి. తీసి నా చేతికిచ్చాడు.

నల్లది.

నేను దాన్ని అందుకోకుండా ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా వైపే చూస్తున్నాడు, కాని చూపు నా చెవి పక్కనుంచి పోతోంది. కనుపాప మీద పాలమీగడలాంటి పొర. ఎన్నాళ్ళనుంచో కొండమీదా గదిలోనూ నల్లద్దాలు తియ్యని మనిషి. రాత్రి ఎక్కడో అవి పోగొట్టుకున్నాడు.

"బైకే, నేను అడిగింది ఎర్ర తాడు."

ఆయన మళ్ళీ గోడవైపు తిరిగి తడిమాడు.

"సైకాల్ దారం మీరే కోశారు కదూ?" స్కీ ఆయన చేతికందించి, వేలు ఆ కొసలమీద పెట్టించాను. "ఎక్కడ పడింది? అదొక్కటి చెప్పండి. మిగతాదంతా తర్వాత."

ఆయన దారం కొసల్ని వేళ్ళతో తడిమాడు.

"రెండో మలుపు" అన్నాడు. "గోడలా దిగుతుందే, దాని తర్వాత. అక్కడ వెనక స్కీల చప్పుడు ఆగిపోయింది."

ఇంకేమీ వినకుండా పరుగెత్తాం.

లిఫ్టు దిగాక, దారులు చీలే చోట మెదెర్ ఆగాడు. ఈ ఏడాది కొత్త లిఫ్టు కోసం ఆ చీలికని మార్చారు. ఏళ్ళ తరబడి ఎర్ర దారి మొదలైన చోట ఇప్పుడు నల్ల పలక ఉంది. దారి మూస్తూ అడ్డంగా కట్టిన తాడు మొన్నటి గాలికి ఎగసిన మంచులో పూర్తిగా కప్పుకుపోయింది. రాత్రి మంచు కురవలేదు. ఇద్దరి జాడలూ చెక్కినట్టు ఉన్నాయి. ముందు జాడ ఎక్కడా తడబడకుండా నల్ల పలక పక్కనుంచి లోపలికి పోయింది. వెనక జాడ పలక ముందు ఆగింది. అక్కడ మంచు తొక్కుడు పడి ఉంది. చేతికర్రతో పొడిచిన గుంటలు ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.

"చదివింది ఎజె" అన్నాడు మెదెర్. వాడి గొంతు నాకు కొత్తగా వినిపించింది. "చదివింది. నల్లదని తెలుసు."

తెలిసీ, ఆ జాడ ముందు జాడలో కలిసింది.

రెండో మలుపు కింద, దేవదారు మొదట్లో ఆనుకుని కూర్చుని ఉంది సైకాల్. కాలు పక్కకి మడతపడింది. మిగిలిన స్కీని మంచులో నిలువుగా పాతి, వెతికేవాళ్ళకి కనబడాలని దానికి తన పసుపు మెడపట్టీ కట్టింది. ఈల పెదాల మధ్యే ఉంది. ఆ ఈల మాకు వినబడలేదు. రాత్రంతా మేం అరుస్తూ తిరిగింది గట్టుకి అవతలి వైపు. మా అరుపులు తనకి వినబడ్డాయో లేదో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

మెదెర్ ఆవిడ కోటులోపల చెయ్యి పెట్టి చూశాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"ఊపిరి లేదు ఎజె. చంకలో ఇంకా కాస్త వెచ్చదనం ఉంది" అన్నాడు. తర్వాత మంచులో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కిందికి దించి గుడిసె ముందు ఆపాం. బర్చిన్ సంచి తెరిచి, మేజోళ్ళు తీసి, అక్క బూట్లు విప్పి తొడిగింది. మేం ఆపలేదు. తర్వాత లేచి, గుమ్మంలో నిలబడ్డ తొలోన్ బైకే ముందుకి వెళ్ళింది.

"మా అక్క తెలివితక్కువదని ఊళ్ళో అంటారు. రాని దారిలో దూకిందంటారు. మీరు చెప్పండి, మా అక్క ఏ దారి ఎంచుకుంది?"

ఆయన టోపీ తీసేశాడు.

"ఎర్ర దారే అమ్మా. సరిగ్గా ఎంచుకుంది. నిన్న ఉదయం నీలం దారిలో నా ముందు దిగింది, ఎక్కడా ఆగలేదు. మంచు మెత్తగా ఉంది బైకే, గాలి లేదు, ఇవాళ ఎర్ర దారికి సరైన రోజు అంది. నిజంగానే సరైన రోజు. దారం నేనే కోశాను. పోయిన చలికాలం నుంచే నా కళ్ళకి పొర కమ్మింది. ఎరుపూ నలుపూ నాకు ఒకటే మచ్చ. చెబితే కొండ దించేస్తారు. ఎండలొచ్చాక ఆపరేషన్ చేయించుకుందాం, ఈ ఒక్క చలికాలం గట్టెక్కితే చాలనుకున్నాను. నా కాళ్ళకి దారి తెలుసనుకున్నాను. పైకి వెళ్ళేసరికి మబ్బు దిగింది, నేలా ఆకాశం కలిసిపోయాయి. పాత చోటే పక్కకి మళ్ళాను. చీలిక మార్చారని చెప్పారు, విన్నాను, మర్చిపోయాను. సగం దిగాక మోకాళ్ళకి తెలిసింది, ఇది ఎర్రది కాదని. వెనక చప్పుడు ఆగింది. నేను ఆగలేదు. తెలివైన పిల్ల, పలక చూసి వెనక్కి పోయుంటుంది, నీలం దారిలో దిగుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. సాయంత్రం ఉమ్సునై అడిగితే అబద్ధం చెప్పాను. మేం దిగింది ఎర్ర దారే అయ్యుండాలని ఎంత గట్టిగా కోరుకున్నానంటే, అందరినీ అటే పంపాను. రాత్రంతా మీతో పాటు అక్కడే తిరిగాను. ఆ పిల్ల పలక చదివిందటగా. ఒక్కసారి 'బైకే' అంటే నేను ఆగేవాణ్ణి. అనలేదు. పిలవకూడదని, నా వెనకే రావాలని, దారం కోసేటప్పుడు నేనే చెప్పాను."