విడదీసేవాళ్ళు లేని పెళ్ళి

మా ఇంట్లో పెళ్ళికి తాళి ఎంత తప్పనిసరో తన్నులాట కూడా అంతే తప్పనిసరి. నా పెళ్ళిలో కుర్చీలు విరిగాయి. చిన్నన్నయ్య పెళ్ళిలోనైతే పెళ్ళికొడుకే చిట్లిన పెదవితో పీటల మీద కూర్చున్నాడు. ఎందుకు కొట్టుకున్నారని ఇప్పుడు అడిగితే ఎవరికీ గుర్తుండదు. దెబ్బలు మాత్రం ఎవరివి వాళ్ళకి బాగా గుర్తు.

మా అన్నయ్యలిద్దరూ కలిసి లారీ టైర్ల షాపు నడుపుతారు. షాపులో ఉన్నంతసేపూ పాలూ నీళ్ళూ. ఒకడు చక్రం పట్టుకుంటే ఇంకొకడు సుత్తి వేస్తాడు. ఇన్నేళ్ళలో ఒకడి వేలి మీద ఇంకొకడి దెబ్బ పడలేదు. షట్టరు దించి, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని నలుగురి మధ్యకి వచ్చారా, ఇక దేవుడే దిక్కు.

దీనికి మా అమ్మ ఒక మందు కనిపెట్టింది. కొట్టినవాడు కంచంలో అన్నం కలిపి, దెబ్బ తిన్నవాడికి తన చేత్తో మొదటి ముద్ద పెట్టాలి. ముద్ద మింగితే గొడవ తీరిపోయినట్టే, ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. అన్నదమ్ముల కోసం పెట్టిన పద్ధతి మెల్లగా ఇల్లంతా పాకింది. పెద్దన్నయ్య చేతి ముద్ద మా వదిన ఎన్నిసార్లు మింగిందో ఆవిడకే తెలియాలి. వాళ్ళ కూతురు బుల్లి కూడా మింగింది. అమ్మ పోయింది గానీ ఆ ముద్ద మాత్రం పోలేదు.

బుల్లికి చిన్నప్పటి నుంచీ కళ్ళజోడు. అది మాటిమాటికీ విరుగుతుంది. బాగుచేయించుకోవడానికి వెళ్ళిన షాపులో అబ్బాయే ఇప్పుడు పెళ్ళికొడుకు. మా వాళ్ళు అతనికి కళ్ళజోళ్ళబ్బాయి అని పేరు పెట్టారు. మెత్తని మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖంలోకి దగ్గరగా చూస్తాడు, అది అతని వృత్తి. ఒకసారి నా జోడు సరిచేస్తూ గొంతు తగ్గించి అన్నాడు. "బుల్లిది ఎప్పుడూ ఎడమ మడత దగ్గరే విరుగుతుంది అత్తయ్యగారూ. కింద పడితే అలా విరగదు."

నేను అమ్మాయిల హాస్టల్లో వార్డెన్ని. రోజుకి వందమంది నోళ్ళు మూయిస్తాను. ఆ రోజు నా నోరు పెగల్లేదు.

పరాయిదేశంలో పెళ్ళి బుల్లి పట్టుదల. పెద్దన్నయ్య ఎగిరి గంతేశాడు, వీధిలో ఎవరూ చేయని పని కదా. బుల్లి అసలు లెక్క నాకొక్కదానికే చెప్పింది. "నాన్నకీ బాబాయికీ చూసేవాళ్ళు ఉంటేనే పూనకం అత్తా. జనమే లేకపోతే ఎవరి ముందు కొట్టుకుంటారు? ఈ ఒక్క రోజు గడిస్తే చాలు. మన ఇల్లు ఎలాంటిదో వాళ్ళమ్మ చూసిందంటే నాకు ఆయన దక్కడు."

నాకూ నిజమేననిపించింది. ఏడుగురం వెళ్ళాం: పెద్దన్నయ్య, వదిన, చిన్నన్నయ్య, నేను, బుల్లి, ఆ అబ్బాయి, వాళ్ళమ్మ. చిన్నన్నయ్య భార్య రానంది. ఆవిడ మా అందరికంటే తెలివైంది.

సముద్రం కనిపించేలా కొండవాలున అద్దెకి తీసుకున్న ఇల్లు. తెల్లరాయి పరిచిన వాకిలి, గోడంత అద్దాల తలుపులు. సాయంత్రం పెళ్ళి, పొద్దున ఫోటోలు. ఫోటోలమ్మాయికి మన భాష రాదు, చేతులతోనే సైగలు చేసేది. మనుషుల్ని ఎత్తు చూసి నిలబెట్టింది. పెద్దన్నయ్య పొట్టి. ఆయన్ని ఆ చివరకి పంపింది. చిన్నన్నయ్య పొడుగు. అతన్ని తెచ్చి పెళ్ళికూతురి పక్కన పెట్టింది.

"అన్నయ్యా, ఇక్కడ నీ పెత్తనం చెల్లదు, ఎత్తు చూసి పెడతారు" అన్నాడు చిన్నన్నయ్య నవ్వుతూ.

"ఒరేయ్, అక్కణ్ణించి తప్పుకో."

"నేనెందుకు తప్పుకుంటాను? నీకే ఓ స్టూలు వేయిస్తా, ఎక్కి నిలబడు."

అంతే. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం మా వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

మొదటి దెబ్బ చిన్నన్నయ్య మూతి మీద పడింది. అతను అన్నయ్య చొక్కా పట్టుకుని గుంజాడు. ఇద్దరూ కలిసి వాకిట్లో ఉన్న గాజు బల్ల మీద పడ్డారు, బల్ల ముక్కలైంది. ఫోటోలమ్మాయి కెమెరా గుండెకి హత్తుకుని లోపలికి పరిగెత్తింది. చిన్నన్నయ్య లేచి, పడి ఉన్న అన్నయ్య డొక్కలో తన్నాడు. రెండోసారి కాలెత్తేసరికి అన్నయ్య ఆ కాలు పట్టుకుని మెలితిప్పాడు. మోకాలు పట్టు తప్పింది, చిన్నన్నయ్య ఊళ వేస్తూ కూలబడ్డాడు. పెద్దన్నయ్య కనుబొమ దగ్గర గాజుముక్క దిగి రక్తం కంట్లోకి కారుతోంది. ఆ కంటికి ఏం కనబడిందో తెలియదు. ఫోటో లైటు నిలబెట్టిన ఇనపస్టాండు పీకి, రెండు చేతులా పట్టుకుని, షాపులో సుత్తి ఎత్తినట్టే భుజం మీద నుంచి ఎత్తాడు.

నేను కదల్లేదు. వదిన కదల్లేదు. వాళ్ళు కొట్టుకుంటుంటే ఇంటివాళ్ళం మధ్యలోకి వెళ్ళకూడదని చిన్నప్పటి నుంచీ మా ఒంట్లో జీర్ణించుకుపోయింది. ఇంటి దగ్గరైతే ఈపాటికి ఇరుగూ పొరుగూ, వంటవాళ్ళూ, బ్యాండువాళ్ళూ, నలభై చేతులు వచ్చిపడేవి. లెక్క ఎక్కడ తప్పిందో నాకు ఆ క్షణంలో అర్థమైంది. మా వాళ్ళు కొట్టుకోవడానికి జనం అక్కర్లేదు. విడదీయడానికి కావాలి. బుల్లీ నేనూ కలిసి ఆ జనాన్నే వద్దనుకుని వచ్చాం.

ఆ అబ్బాయి ఒక్కడే మధ్యలోకి వెళ్ళాడు. రెండు చేతులూ చాపి, "మామయ్యగారూ, చాలు" అన్నాడు.

స్టాండు అతని దవడ మీద పడింది. పెద్ద చప్పుడేం కాలేదు. నాకు భయం వేసింది అందుకే. అతను మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లోంచి వస్తున్నదాన్ని దోసిట్లో పట్టుకోవాలని చూశాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం తెల్లరాతి మీద పడింది, రెండు పళ్ళు పడ్డాయి. వాళ్ళమ్మ పిట్టంత మనిషి. అప్పటిదాకా మాతో నాలుగు మాటలైనా మాట్లాడలేదు. ఆవిడ వచ్చి మా పెద్దన్నయ్య ముంజేతిని కొరికింది. కొరికి, వదలకుండా వేలాడింది. ఆయన స్టాండు వదిలేదాకా ఆవిడ పళ్ళు వదల్లేదు.

పెద్దన్నయ్య తన చేతి వంకా, ఆ అబ్బాయి వంకా చూశాడు. కోపం దిగిపోయింది. ఆయనకి కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగానూ పోతుంది, అదే ఆయన మంచితనమని మేం అందరికీ చెప్పుకునేవాళ్ళం.

"అన్నం తీసుకురా" అన్నాడు వదినతో.

వదిన పరుగెత్తింది. కంచం వచ్చింది. ఆయన రక్తం కారుతున్న ముఖంతో నేల మీద చతికిలబడి అన్నం కలిపాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. మోకాలు ఈడ్చుకుంటూ వచ్చి చిన్నన్నయ్య ఆ అబ్బాయి భుజాలు పట్టుకుని కదలకుండా కూర్చోబెట్టాడు. "ఒక్క ముద్ద తినెయ్ బాబూ. మా ఇంట్లో ఇంతే. తినేస్తే ఇంకేం ఉండదు."

"తినెయ్ నాయనా, అయిపోతుంది" అంది వదిన కూడా.

ఆ అబ్బాయి బుల్లి వైపు చూశాడు. ఆమె కోసమే కాబోలు, నోరు తెరవబోయాడు. దవడ ఒక పక్కే కదిలింది. అప్పుడు అతను పెట్టిన కేక మనిషిది కాదు. పెద్దన్నయ్య నోటికి అందించిన ముద్ద లోపలికి పోలేదు, ఎర్రబడిన మెతుకులు చొక్కా మీదికి జారాయి. బుల్లి కాలితో కంచాన్ని తన్నింది. పెద్దన్నయ్య ఆ ముద్ద చేత్తోనే దాని చెంప పగలగొట్టాడు. కళ్ళజోడు ఎగిరి గోడకి తగిలింది. దాని చెంప నిండా మెతుకులు అంటుకున్నాయి.

అన్నాన్ని కాలదన్నిందని కొట్టాడట, తర్వాత చెప్పాడు.

ఫోటోలమ్మాయి ఎవరికో ఫోన్ చేసింది. ఆంబులెన్సు వచ్చింది, దాని వెనకే పోలీసులు.

ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలూ, ఒక బెంచీ. అబ్బాయిని లోపలికి తీసుకెళ్ళారు. దవడ రెండు చోట్ల విరిగిందన్నారు. వాళ్ళమ్మ బెంచీ మీద కూర్చుంది. ఆవిడ పెదాల చుట్టూ మా అన్నయ్య రక్తం ఎండిపోయి ఉంది. బుల్లి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నువ్వు నిజమే చెప్తావు, నాకు తెలుసు" అంది ఆవిడ. "నీ వెనకాల నీవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అమ్మా? ఒక్కరు పోలీసులకి నిజం చెప్పినా వాణ్ణి నీ చేతిలో పెడతాను. ఎవరూ చెప్పకపోతే వాణ్ణి తీసుకుని వెళ్ళిపోతాను. మీ ఇంటికి నేను కొడుకుని బలివ్వలేను."

బుల్లి వెనక్కి తిరిగింది. జోడు లేని కళ్ళతో మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. అంత దూరం నుంచి దానికి మేం మసకగా తప్ప కనబడి ఉండం.

పోలీసమ్మాయి ఒక ఫోన్ తెచ్చి స్పీకరు పెట్టి కుర్చీలో ఉంచింది. అందులోంచి తెలుగు మాట వినబడింది. ఎక్కడో కూర్చున్న ఎవరో అమ్మాయి, ప్రశ్నల్ని మాకు మన భాషలో, జవాబుల్ని వాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పడం ఆమె ఉద్యోగం. "ఏం జరిగిందో చెప్పండి" అంది ఆ గొంతు.

"మెట్ల మీద జారాడమ్మా. కొత్త బూట్లు" అన్నాడు పెద్దన్నయ్య. "మీదే ఊరు తల్లీ?"

"అది నేను చెప్పకూడదండి. ఇంకెవరైనా చూశారా?"

"నేను పక్కనే ఉన్నాను, జారాడు" అన్నాడు చిన్నన్నయ్య. మా ఇంట్లో గొడవ లేపేవాడూ అతనే, అది గడప దాటకుండా దాచేవాడూ అతనే.

"మరి మీ మూతికీ మోకాలికీ ఏమైందని అడుగుతున్నారు."

"నేనూ జారాను."

"జారాడు" అంది వదిన, ఎవరూ అడక్కముందే.

"మా నాన్న కొట్టాడు" అంది బుల్లి.

మా ఇంట్లో ఈ మాట అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. పెద్దన్నయ్య కూతుర్ని కసరలేదు. ప్రేమగా నవ్వాడు. "పెళ్ళి ఆగిందన్న బెంగలో ఏదో అంటోంది. మా చెల్లెల్ని అడగండి. చదువుకున్నది, ఉద్యోగస్తురాలు. అది చెప్తుంది."

అందరూ నా వైపు తిరిగారు. మా నాన్న పోయాక నన్ను చదివించింది పెద్దన్నయ్య. పరీక్షలప్పుడు స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి, బయట ఎండలో నిలబడేవాడు. నేను పాసైతే షాపులో అందరికీ టీలు పోయించేవాడు. ఆ చేతులే ఇవి. ఆయన మీద నాకు ప్రేమ లేదని ఎవరైనా అంటే ఇప్పటికీ ఊరుకోను.

"చూశాను" అన్నాను. "ఇనపస్టాండు ఎత్తి కొట్టాడు. తమ్ముణ్ణి కొట్టబోతే ఈ పిల్లాడు అడ్డం వచ్చాడు. మా మేనకోడల్ని కూడా కొట్టాడు. ఇవాళే కాదు."

 ఫోన్లో గొంతు అదంతా మెల్లగా వాళ్ళ భాషలో చెప్పింది. పోలీసమ్మాయి లేచింది. పెద్దన్నయ్య నన్ను చూస్తూనే ఉన్నాడు.

"నువ్వా" అన్నాడు.  ఇద్దరు పోలీసులు రెండు పక్కలా నడిపించుకుని వెళ్ళారు.

అబ్బాయి తల్లి బెంచీ మీద కొంచెం పక్కకి జరిగింది. బుల్లి చెయ్యి పట్టుకుని లాగి, ఖాళీ చేసిన చోట కూర్చోబెట్టుకుంది. కొంగుతో దాని చెంప మీద ఎండిన మెతుకులు ఒక్కొక్కటే తీసింది. అప్పుడు ఏడ్చింది బుల్లి, ఆస్పత్రి అంతా వినబడేలా.

వదిన నా దగ్గరికి వచ్చింది. ఏదో అడుగుతుందనుకున్నాను. ఉన్న బలమంతా పెట్టి నా చెంప మీద కొట్టింది. "నా మొగుణ్ణి పరాయిదేశంలో జైల్లో పెట్టించావు. నేనిప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఇంటికెళ్ళను?"

నా చెయ్యి లేచింది. నేనూ ఆ ఇంటి పిల్లనే కదా, దానంతటదే లేచింది. వదిన వెనక్కి జరగలేదు. చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఎడమ చెంప నా వైపు తిప్పి, నాలుక తెగకుండా పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుంది. దెబ్బ ఎక్కడ పడాలో, ఎలా పడితే తక్కువ నొప్పో అన్నీ తెలిసిన మనిషిలా, ఎదురుచూస్తూ నిలబడింది.

చెయ్యి దించేశాను. "కొట్టను వదినా" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరవలేదు.

"కొట్టను. కళ్ళు తెరువు" అని మళ్ళీ చెప్పాను. నమ్మలేదు. అలాగే నిలబడి ఉంది.