ఓసిప్ ఎంత చేస్తున్నాడు

…కొత్తది కాదు, రంగు వేయించిన పాత ట్రక్కే అయ్యుంటుంది, అయినా ఓసిప్ గాడు దాన్ని చర్చి గుమ్మానికి ఎదురుగానే ఎందుకు ఆపాలి, అటు పక్కన మంచు తీసిన జాగా అంతా ఖాళీగా ఉంటే, తలుపంత అక్షరాలతో వాడి పేరు, కింద క్యాబేజీ బొమ్మ, దానికో నవ్వు మొహం, క్యాబేజీ ఎక్కడన్నా నవ్వుతుందా, కుర్రతనం నుంచి తరుగుతున్నాను, నా చేతిలో ఒక్కటీ నవ్వలేదు, ఫోనులో ఇంకా సంగీతమే వస్తోంది, లెక్కల ఆఫీసులో రొవీనా అనే అమ్మాయి లైన్లో ఉండండి సర్ అని ఎటు పోయిందో, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, క్యాబేజీ పులియబెట్టే పీపా మీద రాయి సర్దుతున్నాను, ఉప్పునీళ్లు పైదాకా రావాలి, ముక్క గాలికి తేలిందంటే పాడైపోతుంది, అది స్టెఫమ్మ నేర్పిన మాట, నాకూ ఓసిప్‌కీ ఒకే పాకలో, ఒకే తరుగుడు బల్ల ముందు నిలబెట్టి నేర్పింది, ఇద్దరి పీపాల్లోంచీ చిటికెడు తీసి నోట్లో వేసుకునేది, ఎవరిది బాగుందమ్మా అంటే చెయ్యి తుడుచుకుని, మూత పెట్టరా, గాలి తగుల్తోంది, అనేది.

మా విన్నిపెగ్‌లో ఏటేటా ఈ ఆఫీసువాళ్లు తిండీ తాగుడూ తయారుచేసే వాళ్లందర్నీ అడిగి, రొట్టె ఇంత, సాసేజీ ఇంత, బీరు ఇంత అని పుస్తకం వేస్తారు, అమ్మకం మొత్తం కాదు, కొన్న క్యాబేజీ, ఉప్పు, కరెంటు తీసేశాక మన చేతి పని వల్ల ఎంత విలువ పెరిగిందో అదీ లెక్క, ఎవరిది వాళ్లు గుట్టుగా పంపిస్తాం, పుస్తకంలో అందరిదీ కలిపే వేస్తారు, పులిసిన క్యాబేజీకి ఇన్నాళ్లూ ఊళ్లో ముగ్గురం, స్టెఫమ్మ, నేను, వాడు, మొత్తంలోంచి నాది తీసేస్తే వాళ్లిద్దరిదీ కలిసి మిగిలేది, అందులో వాడిది ఎంతో ఎలా తేల్చను, పోయిన శీతాకాలం స్టెఫమ్మ మోకాళ్లు పట్టేసి పాకకి తాళం వేసింది, నాకు ఏడుపొచ్చింది, నిజంగానే, కానీ ఇంటికి నడుస్తుంటే కళ్లు తుడుచుకోక ముందే మనసు ఓ తీసివేత చేసేసింది, ఇంక మిగిలింది ఇద్దరమే, నాది తీసేస్తే వాడిదే.

ఏంటయ్యా, నీ పీపాలు చూసుకోక వాడి పీపాల మీద పడ్డావ్, అని మా ఆవిడ ఓల్హా పొద్దున్నే అంది, దానికి ఎగతాళే, ఓసిప్ వాళ్లావిడ నన్ను అడిగింది తెలుసా, మీ ఆయనకి మా ఆయనంటే అంత ప్రేమేంటీ, చర్చిలో పాదిరీని చూడ్డు, మా ఆయన్నే చూస్తాడు అని, చూడక ఏం చెయ్యను, చర్చి విందులో వాడేమో నా క్యాబేజీ రెండోసారి వడ్డించుకుంటూ, ఏరా మార్కో, ఇంకా రాళ్లే మోస్తున్నావా, మిషను కొనుక్కోరా, నడుం విరిగితే ఓల్హా నిన్ను పీపాలో వేసి మూత పెట్టేస్తుంది, అని అందరి ముందూ నవ్వించాడు, నేనూ నవ్వాను, మిషనుందిగా వాడికి, నాకు రెట్టింపు చేస్తున్నాడేమో, మూడింతలేమో, ఆ అంకె ఒక్కటి తెలిస్తే చాలు, చిన్నదైతే హాయిగా నిద్రపోతా, పెద్దదైతే కనీసం ఎంత పెద్దదో తెలిసి ఏడుస్తా, ఇవాళ పుస్తకం వచ్చింది, రొట్టె, సాసేజీ, పాలు, బీరు, అన్నిటికీ అంకెలున్నాయి, మా వరసలో మటుకు ఒక గీత, ఉత్త గీత.

సర్, ఉన్నారా, అంది రొవీనా, ఉన్నానమ్మా, ఎక్కడికి పోతాను, మా అంకె మింగేశారేంటి మీరు, మింగలేదు సర్, ఆ సరుకు చేసేవాళ్లు ఊళ్లో ఇద్దరే మిగిలారు కదా, మొత్తం వేశామనుకోండి, ఎవరిది వాళ్లు తీసేసుకుంటే రెండోవాళ్ల గుట్టు తెలిసిపోతుంది, అందుకే వెయ్యం, అంది, నా చెవులు వేడెక్కాయి, నేనెందుకు తీసేస్తానమ్మా, నాకేం పని, ఊరికే అడిగా, అన్నాను, ఆ అమ్మాయి నవ్వేసింది, మీకు ముందు ఫోను చేసినాయనా అచ్చం ఇదే మాటన్నారు సర్, ఆఫీసు తలుపు తీస్తూనే ఫోను, మీకన్నా గట్టిగా అరిచారు, అని, గభాల్న ఆగిపోయింది, అది, అంటే, ఎవరో సర్, ఉంటాను, అని పెట్టేసింది.

ఎవరో ఏంటి, ఊళ్లో ఉన్నదే ఇద్దరం, ఒకణ్ణి నేను, రెండోవాడు ఓసిప్, ఆ మిషను వాడు, ఆ నవ్వే క్యాబేజీ వాడు, పొద్దున్నే లేచి పుస్తకం తెరిచి నా అంకె కోసం వెతుక్కున్నాడు, ఇన్నేళ్లూ వాడూ మొత్తంలోంచి తనది తీసేసుకుంటూ కూర్చున్నాడు, మిగిలిన దాంట్లో నేనెంత, ముసలామె ఎంత అని బుర్ర బద్దలుకొట్టుకుంటూ, ఓల్హాతో వాళ్లావిడ అన్న మాట, నేను చూస్తానని ఆవిడకి వాడే చెప్పి ఉంటాడు, వాడికెలా తెలుసు, వాడు ఇటు చూస్తేనేగా, ఆ రెండో వడ్డన, నేను ఎగతాళనుకున్నది, వాడు రుచి చూస్తున్నాడు, ఇది నాకెందుకు రావట్లేదని నమిలి నమిలి చూస్తున్నాడు, నేను వాడి మీద ఎంత కుళ్లుకున్నానో వాడూ నా మీద అంతే కుళ్లుకున్నాడు, ఈ ఒక్క లెక్క మటుకు ఏ ఆఫీసూ చెప్పక్కర్లేదు, ఉప్పునీళ్లు రాయి మీదికి వచ్చాయి, మూత పెట్టాను.