సున్నా కింద ముల్లు

నేను ఒక గుండ్రటి ముఖాన్ని. ఆ ముఖం మీద ఒకే ఒక్క నల్ల ముల్లు, సున్నా నుంచి వంద దాకా అంకెలు, డెబ్బై దగ్గర ఒక ఎర్రగీత. గొట్టంలో నీళ్ళు ఎంత ఒత్తిడితో తోసుకొస్తున్నాయో చెప్పడం నా పని. ప్రెషర్ గేజీ అంటారు. అబద్ధమాడడం నాకు పుట్టుకతో రాదు. నాచేత ఆడించారు. ఆ కడుపుమంటే ఇదంతా.

పుట్టింది హైదరాబాదు బాలానగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. యాదమ్మ అనే ఆమె నా ముల్లును కుదురు మీద నొక్కి, మూడుసార్లు ఒత్తిడి పెట్టి చూసి, నిజమే చెబుతున్నానని నమ్మకం కుదిరాకే అద్దం బిగించింది. "పో, మంచిగ బతుకు" అంది.

ఓడెక్కి ఒక ఎడారి దేశం చేరాను. అక్కడ నది లేదు, చెరువు లేదు. సముద్రపు నీళ్ళను పల్చటి పొరల్లోంచి బలవంతంగా తోసి, ఉప్పు వదిలించి, మంచినీళ్ళు చేసే ఫ్యాక్టరీ ఉంది. నాలుగో లైను గొట్టానికి నన్ను బిగించినవాడు పోశెట్టి. జగిత్యాల వైపు మనిషి, పదకొండేళ్ళుగా అక్కడ ఫిట్టరు. డ్యూటీ ఎక్కగానే వేలిగోటితో నా అద్దం మీద రెండుసార్లు టక్ టక్‌మని కొట్టేవాడు, ముల్లు ఎక్కడైనా పట్టేసి ఉంటే కదులుతుందని. ఫిట్టర్లందరికీ ఉన్న అలవాటే. "ఏమంటున్నవ్ దొరా?" అనేవాడు. ఏదంటే అది నమ్మేవాడు. ఊరందరికీ మంచినీళ్ళు చేసి, సాయంత్రం క్యాంపుకు పోయి ట్యాంకరు తెచ్చిన ఉప్పునీళ్ళు తాగేవాడు.

పోయినేడు ఆ దేశపు సర్కారు ఒక రంగుల పుస్తకం అచ్చేసింది. నీటి రంగంలో విదేశీ కంపెనీలకు బంగారంలాంటి అవకాశాలున్నాయట. ఎడారిలో దాహం ఏటేటా పెరుగుతుంది కాబట్టి లాభానికి ఢోకా లేదట. దాహాన్ని కూడా ఆస్తి కింద రాసుకునే మనుషులు వీళ్ళు. మా ఫ్యాక్టరీని కొనడానికి బయటి దేశాలవాళ్ళు చూడవస్తున్నారని కబురొచ్చింది.

పొరలు పాతబడిపోయాయి. వాటిని మార్చకుండా నీళ్ళు ఎక్కువ చూపించాలంటే ఒత్తిడి పెంచాలి. పెంచారు. నా ముల్లు ఎర్రగీత దాటి డెబ్బై రెండు మీద నిలబడింది. ఇంజనీరు శేషగిరి వచ్చి చూశాడు. రాజమండ్రి ఆయన.

"ఏంటయ్యా పోశెట్టీ ఇది?"

"గొట్టం పాతది సార్. తగ్గియ్యాలె."

"తగ్గిస్తే నీళ్ళెక్కడివి? ఎల్లుండి వాళ్ళు కెమెరాలేసుకుని వస్తున్నారు. ముల్లు ఊడదీసి పది వెనక్కి పెట్టు."

పోశెట్టి చేతిలోని పానా కింద పెట్టేశాడు.

"నాలుగేళ్ళయిందంట కదా నువ్వు ఇంటికెళ్ళి? సెలవు కాగితం నా టేబుల్ మీదే ఉంది. సంతకం పెట్టమంటావా, సొరుగులో వెయ్యమంటావా?"

పోశెట్టి నా అద్దం విప్పాడు. యాదమ్మ నొక్కిన ముల్లును పీకి, పది వెనక్కి నొక్కాడు. డెబ్బై రెండు కాస్తా అరవై రెండయింది. పని శుభ్రంగా చేశాడు.

తర్వాత సుద్దముక్కతో నా పక్కన గొట్టం మీద తెలుగులో రాశాడు: "పది కలుపు". ఆ లైను మీదికి వచ్చే ఫిట్టర్లందరూ తెలుగువాళ్ళే. నోటితో చెబితే ముల్లు తిప్పింది తానేనని ఒప్పుకోవాలి. సుద్దకు సిగ్గు లేదు కదా.

కానీ చుట్టాలొస్తే గోడలకు సున్నం కొట్టడం మనవాళ్ళ బుద్ధి. వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే గొట్టాలన్నింటికీ నీలం రంగు వేయించాడు శేషగిరి. సుద్దరాత రంగు కింద సమాధైంది. పోశెట్టికి తెల్ల చొక్కా తొడిగించి, అతిథులకు నీళ్ళ గ్లాసులు అందించే పని అప్పజెప్పాడు. నా దగ్గర డ్యూటీకి రాజలింగాన్ని నిలబెట్టాడు. రాజలింగం పోశెట్టి భార్యకు తమ్ముడు. వీసా తెప్పించి ఆ దేశం రప్పించింది పోశెట్టే.

రాజలింగం టక్ టక్‌మని కొట్టాడు. అరవై రెండు. శేషగిరి ఫోన్ చేశాడు. "అరవై తొమ్మిది దాకా పట్టుకెళ్ళు. గీత లోపేగా, భయమేంటి?"

పట్టుకెళ్ళాడు. నేను అరవై తొమ్మిది చూపించాను. లోపల డెబ్బై తొమ్మిది. నాకు నోరు లేదు. అవతల హాల్లో అతిథులు పొడుగు గ్లాసుల్లో నీళ్ళు తాగి, తేనెలా ఉన్నాయన్నారు. ఇవతల గొట్టం అతుకు దగ్గర పగిలింది. అంత ఒత్తిడితో దూకిన నీళ్ళు కత్తితో సమానం. రాజలింగం కుడిచెయ్యి మోచేతి కింద లేకుండా పోయింది.

అతిథులను బస్సెక్కించారు. మూడోరోజు సంతకాలయ్యాయి. గొట్టాలన్నీ మార్చాలి కాబట్టి ఇది ఇంకా పెద్ద అవకాశమని ఆ కాగితంలో రాసుకున్నారు. ఒక మనిషి చెయ్యి వాళ్ళకు అవకాశమైంది.

విచారణ జరిగింది. గేజీ చెడిపోయింది, పనివాడు గమనించలేదు, తప్పు పనివాడిదే అన్నారు. పరిహారం లేకుండా రాజలింగాన్ని ఇంటికి పంపెయ్యాలన్నారు. నన్ను పాత ఇనుములో పారేశారు. అదే రోజు పోశెట్టి సెలవు కాగితం మీద సంతకం పడింది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని, తుక్కు కుప్పలో వెతికి నన్ను బయటికి తీశాడు పోశెట్టి. గొట్టం లేదు, నీళ్ళు లేవు. ముల్లు సున్నా మీద ఉండాలి. సున్నాకి కింద, సరిగ్గా పది గీతలంత దూరంలో ఉంది. చెడిపోయిన గేజీ ఇలా లెక్క పెట్టినట్టు సరిగ్గా పది తప్పు చూపించదు. ఇది చేత్తో చేసిన పని. పోశెట్టి నన్ను తువ్వాల్లో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

"ఏంది బావా అది?"

రాజలింగం ఎడమచేతి వేలితో నా అద్దం మీద కొట్టాడు. చూశాడు.

"సున్న కిందికి పోయిందేంది?"

"నేనే తిప్పిన" అన్నాడు పోశెట్టి. "ఆ సారు తిప్పమంటే నేనే తిప్పిన."

రాజలింగం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇటు తిరక్కుండానే అన్నాడు: "గీ మాట నాకెందుకు చెప్తున్నవ్ బావా. చెప్పేకాడ చెప్పు."

మర్నాడు పోశెట్టి సెలవు కాగితాన్ని శేషగిరి టేబుల్ మీద తిరిగి పెట్టేసి, లేబర్ కోర్టు మెట్లెక్కాడు. జైలు పడినా పడొచ్చని తెలిసే ఎక్కాడు.

ఇప్పుడు నేను ఆ కోర్టు బల్ల మీద ఉన్నాను, మెడకు ఒక నంబరు చీటీతో. కంపెనీ వకీలు లేచి, విసిరేసినప్పుడు దెబ్బ తగిలి ముల్లు జారి ఉంటుందన్నాడు. ముట్టుకుంటే ఊగిపోయే వస్తువట నేను. జడ్జి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఆ అలవాటు ఆయనకెవరు నేర్పారో, వేలిగోటితో అద్దం మీద రెండుసార్లు కొట్టాడు.

నేను కదల్లేదు.